కింద పడేసే నౌకరీ

కోడలు ఏం పని చేస్తుందని గల్లీలో ఎవరైనా అడిగితే నాగమణమ్మ దాచిపెట్టేది కాదు.

"కాలేజీల సామాన్లు కింద పడేస్తది. మంచిగ పడ్డయా లేదా అని చూస్తది. దానికి నెలనెల పగార్ ఇస్తరు," అనేది.

విన్నవాళ్ళు నవ్వితే ఆమెకు కోపం వచ్చేది. నవ్వకపోతే, తన మాట నిజమని నమ్మేశారేమోనని ఇంకా కోపం వచ్చేది.

వాళ్ళది అఫ్జల్‌గంజ్‌లో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. ఇల్లు దబీర్‌పురాలో. భర్త కైలాసం సేటు గల్లా దగ్గర కూర్చునేవాడు, కొడుకు బాలకిషన్ తక్కెడ దగ్గర నిలబడేవాడు. ఇద్దరూ మాట్లాడేది తక్కువ. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ నాగమణమ్మే మాట్లాడేది. ఆమె గొంతు సంగతి బస్తీ అంతటికీ తెలుసు. మేడ మీద నుంచి పాలవాణ్ణి పిలిస్తే స్టేషన్‌లో టికెట్లిచ్చే బాబు తలెత్తి చూసేవాడని చెప్పుకునేవారు.

సుశీల ఆ ఇంటికి కోడలై వచ్చింది డెబ్బై రెండులో. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది. పెళ్ళి మాటలప్పుడు "ఫిజిక్స్ అంటే ఏంది?" అని నాగమణమ్మ అడిగితే, సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఎందుకైనా మంచిదని "డాక్టర్ అసొంటిదే" అన్నాడు. అందువల్ల కాపురానికి వచ్చిన కొత్తలో సుశీలకు అత్తగారి మోకాలి నొప్పి గురించి చాలా తెలిసింది. నాకు మందులు తెలియవని ఆమె ఎంత చెప్పినా, కోడలు కావాలనే దాస్తున్నదని అత్త అనుమానం.

పెళ్ళయిన మరుసటి సంవత్సరం రైలు పట్టాల పక్కనున్న ఆడపిల్లల కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్ కొలువు ఉన్నదని తెలిసింది. సుశీల దరఖాస్తు పెడతానంటే ఇంట్లో పెద్ద లొల్లి అవుతుందని బాలకిషన్ భయపడ్డాడు. నాగమణమ్మ మాత్రం ఒక్క మాటే అడిగింది.

"మగపిల్లలు ఉండరు గద?"

"ఉండరు అత్తమ్మా."

"అయితే పో. ఇంట్ల ఉండి నువ్వు చేసే పప్పు గూడ ఏమంత బాగలేదు."

కాలేజీ ఒక నవాబు కట్టించిన పాత దేవిడీలో ఉండేది. మధ్యలో పెద్ద వాకిలి, చుట్టూ రెండంతస్తుల గదులు, పైన డాబా. ఫిజిక్స్ ల్యాబ్ పై అంతస్తులో పట్టాల వైపు మూల గది. అందులో గొప్పగా చెప్పుకునే వస్తువు ఒకటుంది. నిలువు కమ్మీ పైన కరెంటు అయస్కాంతం, దానికి అంటుకుని ఒక ఉక్కు గోళీ. మీట నొక్కితే కరెంటు పోయి గోళీ పడుతుంది, అదే క్షణంలో పక్కనున్న గడియారం నడక మొదలుపెడుతుంది. గోళీ కిందనున్న రేకును తాకగానే గడియారం ఆగుతుంది. ఎంత ఎత్తు నుంచి పడింది, ఎంతసేపట్లో పడింది తెలిస్తే, పడే వస్తువు వేగం క్షణక్షణానికీ ఎంత పెరుగుతున్నదో లెక్క కట్టవచ్చు. ఆ పెరుగుదలకే గురుత్వ త్వరణమని పేరు. పుస్తకంలో దాని విలువ సెంటీమీటర్ల లెక్కలో 980 అని ఉంటుంది.

ఆ ల్యాబ్‌లో కూడా 980 అనే ఉండేది. సుశీల చేరిన వారంలోనే పిల్లల రికార్డులు తిరగేసి చూసింది. ఒకరికి 980. పక్కపిల్లకు 980. బెంచీ మొత్తానికి 980. ఆమె గోళీని అయస్కాంతానికి అంటించి మీట నొక్కింది. గోళీ పడింది. గడియారం ముల్లు కదలలేదు.

"సీమోనూ, ఈ గడియారం ఎప్పటిసంది నడుస్తలేదు?"

సీమోను ల్యాబ్ అటెండరు. బీరువాల కిందికి దొర్లిపోయిన గోళీలను ఏరి తేవడం ఆయన ముఖ్యమైన పని. మోకాళ్ళ మీదనే కొంచెం ఆలోచించాడు.

"పోయిన దసరాకు ముందు సంది, మేడం."

"దసరా తర్వాత గూడ అందరికీ 980 వచ్చింది గద?"

"వస్తది మేడం. మన ల్యాబ్ మంచి ల్యాబ్."

"ఇక్కడ ఒకామెకు 980.1 వచ్చింది."

"గా పిల్ల జెర హుషార్ మేడం."

సుశీల ఆ రికార్డులు పట్టుకుని ఫిజిక్స్ హెడ్ రామలింగం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన సాత్వికుడు. ఇస్త్రీ మడత చెడని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. అంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, గడియారం ఆగిందని నాకు ఎరికే. బాగు చేయించమని పైకి రాసిన. రాస్తనే ఉన్న. అయితే గడియారం ఆగిందని పిల్లల చదువు ఆపమంటవా?"

"కాదు సార్, రానిది వచ్చినట్టు రాయిస్తే ఎట్ల?"

"ఈడికొచ్చే పిల్లలు ఎట్లాంటి ఇండ్లకెల్లి వస్తరో నీకు తెలుసు. ఒక్క సబ్జెక్టు తప్పితే ఇగ ఇంట్ల కూసోబెడ్తరు. 980 రాసినోళ్ళని ఎవరూ ఫెయిల్ చేయరు. 640 రాస్తే వంద ప్రశ్నలు. న్యూటన్‌కు లేని ఫికర్ నీకెందుకు?"

ఆయన చెప్పిన దాంట్లో నిజం లేకపోలేదు. ఆ నిజమే సుశీలకు మరీ చికాకు కలిగించింది. గడియారాన్ని బట్టలో చుట్టి ఇంటికి తెచ్చింది. బాలకిషన్ దాన్ని ఛత్తా బజార్‌లో తనకు తెలిసిన గడియారాల మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ మిస్త్రీ గోడ గడియారాలు, చేతి గడియారాలు చూశాడు గాని, సెకను దాటకుండా ఆగిపోయే గడియారం ఎన్నడూ చూడలేదు. "యే కైసీ ఘడీ హై భాయ్, చల్నే సే పహ్లే రుక్ జాతీ!" అని, నడవకముందే ఆగుతుందేమిటని విస్తుపోతూనే బాగుచేసి పంపాడు.

గడియారం నడిచింది. ల్యాబ్ కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

మొదటి పిల్లకు 612 వచ్చింది. రెండో పిల్లకు 1340. కరెంటు పోయిన తర్వాత కూడా అయస్కాంతానికి కొంచెం పట్టు మిగిలి, గోళీ పోవాలా వద్దా అన్నట్టు తటపటాయించి పడుతున్నదని సుశీల కనిపెట్టింది. రెండింటి మధ్యలో చిన్న కాగితం ముక్క అంటించింది. కొంత నయమైంది. కానీ రైలుకు కాగితం అంటించలేం కదా! బండి వచ్చిందంటే దేవిడీ మొత్తం వణికేది. ఎవరూ మీట నొక్కకుండానే గోళీ దానంతట అదే రాలిపోయేది. సీమోను కిటికీ దగ్గర నిలబడి "బండి మేడం, బండి! పట్టుకోండ్రి!" అని అరిచేవాడు. పిల్లలంతా ప్రయోగం వదిలేసి గోళీని రెండు చేతులా పట్టుకునేవారు.

అయినా సుశీల వెనక్కు తగ్గలేదు. కొత్త నియమం పెట్టింది. మీకేం వస్తే అదే రాయండి. 980 అని రాసినవాళ్ళకు సున్నా.

పిల్లలు ఏడ్చారు. తర్వాత ఆలోచించారు. తరువాతి వారం రికార్డులు చూస్తే ఒకరికి 963.7, ఒకరికి 991.2, ఒకరికి 974. ప్రతి పిల్లా పుస్తకం విలువకు మర్యాదగా, అంటీ ముట్టనంత దూరంలో నిలబడింది. నసీమ్ అనే పిల్లకు 978.3 వచ్చింది. పెద్ద పరిశోధనశాలల్లో కొలిచినా హైదరాబాద్‌లో రావలసింది దాదాపు అదే. సుశీల ఆ పిల్లను దగ్గరికి పిలిచింది.

"నసీమ్, ఇది ఎట్ల తెచ్చినవమ్మా? గోళీ ఎన్నిసార్లు పడేసినవ్?"

నసీమ్ తల వంచుకున్నది. "పడెయ్యలేదు టీచర్. కరెంట్ లేకుండె గద. నైన్ ఎయిటీ రాస్తే జీరో అన్నరు. అందుకే జెర తక్కువ రాసిన."

ఆ రోజు సుశీల ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. తప్పు గోళీది కాదు, పిల్లలది కూడా కాదు అనిపించింది. ఆ పరికరంలో గోళీ పడటం రెప్పపాటులో అయిపోతుంది. అంత చిన్న వ్యవధిలో ఇసుమంత పొరపాటు జరిగినా జవాబు తలకిందులవుతుంది. అందుకే పిల్లలకు నమ్మకం కుదరడం లేదు. బాగా ఎత్తు నుంచి, అందరి కళ్ళముందు, దబ్బున చప్పుడయ్యేలా ఒక బరువు పడేస్తే? చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని కొలిస్తే?

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుండగా ఆమె డాబా ఎక్కింది. ఆటల టీచరు దగ్గర అడిగి తెచ్చిన స్టాప్‌వాచ్ ఒక చేతిలో, దుకాణానికి పోవలసిన కొత్త ఇత్తడి చెంబు ఇంకో చేతిలో. చెంబు వదిలింది. అది వాకిట్లో బండ మీద పడి, లేచి, తులసి గద్దె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి పడుకుంది.

నాగమణమ్మ గదిలోనుంచి ఒక్క ఉరుకున వచ్చింది. సొట్టపడిన చెంబును చూసింది. పైకి చూసింది.

"ఏంది పిల్లా! ఇంట్ల గూడ నౌకరీ చేస్తున్నవా?"

ఆ కేకకు పక్కింటివాళ్ళు లేచారు. కైలాసం సేటు కళ్ళు నులుముకుంటూ వచ్చి చెంబును అటూ ఇటూ తిప్పి చూశాడు. "సొట్టపడ్డా తూకం అంతే ఉంటది," అని మళ్ళీ లోపలికి పోయి పడుకున్నాడు.

కానీ నాగమణమ్మకు అంతటితో మనసు ఆగలేదు. ఈ కొలువు సంగతేమిటో కళ్ళతో చూడాలనుకున్నది. మరునాడు జరీ అంచు చీర కట్టుకుని, రిక్షా ఎక్కి కాలేజీకి వచ్చింది. ప్రిన్సిపాల్ వాసవాంబ గారు అడ్మిషన్ కోసమొచ్చిన తల్లి అనుకుని కుర్చీ వేయించారు. కోడలి పని చూడటానికి వచ్చానంటే స్వయంగా ల్యాబ్‌కు తీసుకొచ్చారు.

సుశీల అత్తగారిని బల్ల ముందు నిలబెట్టి మీట నొక్కింది. టక్కుమని గోళీ పడింది.

నాగమణమ్మ ఇంకా చూస్తూనే ఉంది. "ఎప్పుడు పడ్తది?"

"పడ్డది అత్తమ్మా."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"దీనికా, నువ్వు పొద్దున లేచి ఉరుకులు పరుగులు వచ్చేది!"

పిల్లలు ముఖాలకు చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. సుశీలకు సిగ్గేసింది. అయినా ఓపికగా తన ఆలోచన చెప్పింది. దేవిడీ డాబా మీద నుంచి పెద్ద బరువు వాకిట్లోకి పడేస్తే అందరికీ కనబడుతుందని, చెంబుతో తాను చూసింది అదేనని.

"మరి ముందుగాల గట్ల చెప్పొద్దా? సొట్టపడనిది తెస్తుంటి గద," అన్నది నాగమణమ్మ. "దుకాణంల అయిదు కిలోల తూకం రాయి ఉన్నది. ఇనుపది. యాడ పడేసినా దానికేం కాదు. కిందున్నోళ్ళదే ఫికర్."

యూనివర్సిటీ నుంచి తనిఖీ సంఘం వచ్చే నెలలో రాబోతున్నది. డిగ్రీ సైన్సు తరగతులు కొనసాగించాలా వద్దా అన్నది వాళ్ళ చేతిలో ఉంది. ఆ రోజే ఈ ప్రయోగం చేసి చూపిద్దామని సుశీల అంటే రామలింగం గారికి చెమటలు పట్టాయి. "అమ్మా, వాళ్ళకు చాయ్ ఇద్దాం, బజ్జీలు పెడ్దాం, రికార్డులు చూపిద్దాం. రాళ్ళు పడేసుడు ఎందుకు?" అని బతిమాలాడు. కానీ వాసవాంబ గారికి ముచ్చటేసింది. వాకిట్లో ఇసుక కుప్ప పోయించారు. డాబా మీద నుంచి తాడు వేలాడదీసి ఎత్తు కొలిచారు. రాయి పడేసే పని సీమోనుకు ఒప్పజెప్పారు.

సీమోనుకు ఒక చిక్కుండేది. ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. "రాయి పట్టుకుంట మేడం, ఇడిచిపెడ్త. యేసయ్య మీద ఆన, చూడమని మాత్రం అనకుండ్రి," అన్నాడు. కాబట్టి చేతి రుమాలు ఊపడం లాంటి సైగలు పనికిరావు. పిట్టగోడ మీదుగా చేతులు చాపి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. కింద నుంచి ఎవరో వదలమని "ఛోడో" అని అరవాలి. సుశీల అరిచి చూసింది. ఆమె గొంతు మొదటి అంతస్తు కిటికీలు దాటలేదు. ఆ వాకిట్లో నిలబడి డాబా మీది మనిషికి వినబడేలా అరవగలిగింది దబీర్‌పురాలో ఒక్కరే. ఆమెను అడగడానికి వెళితే, ఏ చీర కట్టుకోవాలో అప్పటికే తీసిపెట్టుకుని ఉంది.

తనిఖీ రోజున సంఘం వాళ్ళు ఇద్దరొచ్చారు. ఒకాయన నెరిసిన జుట్టు పెద్దాయన, ఇంకొకాయన చిన్నవాడు, ఫైళ్ళు మోస్తూ వచ్చాడు. వాకిట్లో నీడన కుర్చీలు వేశారు. బల్ల మీద మిర్చి బజ్జీలు, చట్నీ, చాయ్. పిల్లలంతా వరండాల్లో బారులు తీరారు. సుశీల ఇసుక కుప్పకు దూరంగా సున్నంతో గీసిన గీత అవతల స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడింది. నాగమణమ్మ కొంగు నడుముకు చెక్కి ఆమె పక్కన నిలబడింది. పైన సీమోను కళ్ళు మూసుకుని రాయిని బయటికి చాపాడు.

"ఇప్పుడు మనం..." అని రామలింగం గారు ఉపన్యాసం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల గల్లీలో ఒక రిక్షా అతనికీ, జామపండ్ల బండి అతనికీ గొడవ కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. విడదీయడానికి వచ్చినవాళ్ళు గొంతెత్తారు.

"ఛోడో! ఛోడో భాయ్, ఛోడో!"

సీమోను వదిలేశాడు.

రాయి ఇసుకలో దిగబడిన చప్పుడుకు పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. గీత దాటి ఎవరూ లోపలికి పోలేదు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఇసుకకు గీత సంగతి తెలియదు. అది రామలింగం గారి తెల్ల చొక్కా మీద, పెద్దాయన కళ్ళద్దాల మీద, చట్నీ గిన్నెలోనూ సమానంగా పడింది.

"నేను అనలే!" నాగమణమ్మ రెండు చేతులూ ఎత్తింది. "అమ్మతోడు, నేను నోరు గూడ తెరువలే!"

"వినవడ్డది మేడం! మంచిగ వినవడ్డది!" పైనుంచి సీమోను, కళ్ళు తెరవకుండానే.

పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, బజ్జీ ఒకటి దులిపి చూసి పక్కన పెట్టాడు. "టైమ్ ఎంతొచ్చిందమ్మా?" అని అడిగాడు.

సుశీల స్టాప్‌వాచ్ నొక్కనే లేదు. దాన్ని ఆయన వైపు తిప్పి చూపించింది. ముల్లు సున్నా దగ్గరే ఉంది.

మళ్ళీ చేయాలి. కానీ ఏ మాటతో? "వదులు" అందామంటే గల్లీలో అదీ వినబడే మాటే. పోనీ "ఒకటి, రెండు, మూడు" అందామన్నాడు చిన్నాయన. పక్కనే ప్రాథమిక పాఠశాల. అక్కడి పిల్లలు పొద్దంతా ఒంట్లు వల్లె వేస్తూనే ఉంటారు. అలా అయితే సీమోను రాళ్ళు కురిపిస్తూనే ఉండాలి.

"ఈ గల్లీల ఎవరూ అనని మాట కావాలె," అన్నారు వాసవాంబ గారు.

నాగమణమ్మ ముందుకొచ్చింది. "మా ఇంటాయన పేరు పెట్టుండ్రి. ఆ పేరుగలోళ్ళు ఈ దిక్కు ఇంకొకరు లేరు."

"మంచిది. ఏం పేరు?"

పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు నాగమణమ్మ నోటి మీదికి రాలేదు. అవసరమైతే "ఇగో", లేదంటే "బాలకిషన్ వాళ్ళ బాపు". అందరూ సుశీల వైపు చూశారు. మామగారి పేరు పెట్టి అనడం సుశీలకూ అలవాటు లేదు. ఆమె స్టాప్‌వాచ్ వైపు చూసింది.

"శివుడుండే జాగ," అన్నది చివరికి నాగమణమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అడ్డం పెట్టినా ఆ గొంతు డాబా దాకా చేరింది.

"శివుడుండేది శ్రీశైలంల!" పైనుంచి సీమోను అరిచాడు.

"అది కాదు. ఇంకా పైన."

"కీసరగుట్టనా?"

వరండాలో నుంచి నసీమ్ సన్నగా అన్నది, "కైలాసం, నానీమా?"

నాగమణమ్మ అవునన్నట్టు తలూపింది. ముఖం ఎర్రబడింది. పేరైతే తేలింది గాని, దాన్ని అరవవలసింది ఆమే. రాయిని మళ్ళీ పైకి చేర్చారు. సీమోను చేతులు చాపాడు. సుశీల సిద్ధమంది. పావురాలు కూడా పిట్టగోడ మీద సర్దుకున్నాయి. నాగమణమ్మ తల మీదికి కొంగు లాక్కుంది. జనం వైపు వీపు పెట్టి గోడ వైపు తిరిగింది. ఒకసారి నోరు తెరిచి మూసుకుంది.

"అత్తమ్మా, సీమోను చేతులు గుంజుతయి," అన్నది సుశీల మెల్లగా.

"ఆగు పిల్లా. మొదటిసారి గద."

తర్వాత ఊపిరి పీల్చుకుని అరిచింది.

"కైలాసం!"

రాయి పడింది. దబ్బుమన్న చప్పుడు ఇంకా ఆగకముందే కాలేజీ గేటు దగ్గర నుంచి జవాబొచ్చింది.

"ఆ! ఆ! వస్తున్న!"

అందరూ అటు తిరిగారు. కైలాసం సేటు చెప్పులు చేత్తో పట్టుకుని ఉరికి వస్తున్నాడు. దుకాణంలో పెద్ద బేరం వచ్చిందట, తూచడానికి అయిదు కిలోల రాయి లేక, అడిగి తీసుకుపోదామని వచ్చాడట. గేటులో అడుగుపెట్టగానే తన పేరు వినబడింది. ఆ గొంతుతో ఆ పేరు ఆయన జన్మలో వినలేదు. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని ఉరికాడు.

విషయం చెప్పి ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆయన రాయి అడగలేదు. బేరం సంగతి మరిచిపోయినట్టున్నాడు. నాగమణమ్మ రెండోసారి అరిచింది. ఆయన సగం లేచి "ఆ" అన్నాడు. మూడోసారి కూడా "ఆ" అన్నాడు, లేవకుండా. నాలుగోసారి అనలేదు గాని, ముఖం మాత్రం దసరా నాడు జమ్మి పంచడానికి బయల్దేరిన మనిషి ముఖంలా ఉంది.

సుశీల కాగితం మీద లెక్క కట్టింది. ఒకసారి 953, ఒకసారి 1084, రెండుసార్లు 844 వచ్చాయి. సగటు 931.

రామలింగం గారు చెవి దగ్గరికి వంగాడు. "నలభై తొమ్మిదే గద తక్కువ. కలుపమ్మా. ఎవరు చూస్తరు?"

"అందరూ చూస్తున్నరు సార్," అన్నది సుశీల. పైకి చదివింది. "931."

పెద్దాయన కనుబొమలు ముడిచాడు. "980 ఎందుకు రాలేదు?"

"కేక వినగానే నేను వాచ్ నొక్కుతున్న సార్. అది సీమోను చెవిలో పడి, ఆయన చేతులు విప్పేసరికి కొంచెం ఆలస్యమైతుంది. అందుకని టైమ్ ఎక్కువొస్తున్నది, జవాబు తగ్గుతున్నది."

"ఆయన 'కై' వినంగనే వదుల్తడా, 'సం' విన్నంకనా?"

ఆ సంగతి సుశీలకు తట్టలేదు. అత్తగారి గొంతుతో సీమోనును అడిగించింది.

"పూర్తిగ విన్నంక ఇడుస్తున్న మేడం. పెద్దమనిషి పేరు. నడుమ ఇడిస్తే బాగుండదు."

పెద్దాయన నవ్వు ఆపుకోవడానికి చాయ్ తాగబోయాడు. అందులో ఇసుక. దగ్గు పట్టుకుంది. నాగమణమ్మ ఆయన వీపు మీద రెండు చరుపులు చరిచింది. మూడోది అవసరం లేదని ఆయన చేతితో సైగ చేశాడు.

కాలేజీకి అనుమతి వచ్చింది. వాళ్ళు రాసిన నివేదికలో ప్రయోగం గురించి ఒక్క ముక్క లేదు. ప్రహరీ అవతల శబ్దం ఎక్కువగా ఉన్నదని, ఆవరణలో ఇసుక తగ్గించాలని మాత్రం ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో సుశీల వంటింట్లో ఉండగా ముందు గదిలో మాటలు వినబడ్డాయి. కైలాసం సేటే ముందుగా అన్నాడు.

"నన్ను పేరు పెట్టి పిలిచినవ్."

"నిన్నెవరు పిలిచిన్రు? రాయిని ఇడువమని చెప్పిన."

"రాయి సంగతేమో. నేనైతే వచ్చిన."

నాగమణమ్మకు ఆ మాటకు బదులు దొరకలేదు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి. తిరగమోత వేస్తున్న బాలకిషన్, సుశీల ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు కోడలు అలిసిపోయిందని ఆవాలు వేసే పని అతనే పట్టాడు. నవ్వు ఆపుకోబోయి ఆవాలు మాడ్చాడు.

తర్వాత రామలింగం గారితో సుశీలకు ఒక ఒప్పందం కుదిరింది. చేసిన పద్ధతికి, జవాబు ఎందుకు తప్పిందో చెప్పగలిగినందుకు మార్కులు. జవాబుకు లేవు. 640 రాసి ఎందుకు వచ్చిందో చెప్పిన పిల్ల పాసవుతుంది. 980 రాసి ఎలా వచ్చిందో చెప్పలేని పిల్ల మళ్ళీ చేయాలి. ఆయన ఒక షరతు పెట్టాడు, ఎవరినీ ఇంట్లో కూర్చోబెట్టే పరిస్థితి రాకూడదని. సుశీల ఆ షరతును ఆయన రిటైరైన తర్వాత కూడా నిలబెట్టింది. మళ్ళీ చేయమని పిల్లలను సాయంత్రాల దాకా ఆపితే, ఇండ్ల నుంచి గొడవకు వచ్చే తండ్రులకు సమాధానం చెప్పే పని నాగమణమ్మ తీసుకుంది. ఒకసారి వచ్చిన తండ్రి రెండోసారి రాలేదు.

నసీమ్ పాసయింది. కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. మొదటి జీతంతో మిఠాయి తెచ్చి, అక్కడ కూడా కొలతలే పని అని, ఎంత వస్తే అంతే రాయాలని, రాయకపోతే చీవాట్లు పడతాయని చెప్పింది. అలవాటే కదా అని నవ్వింది.

ఎనభైలలో కాలేజీకి కొత్త పరికరం వచ్చింది. గడియారం ముళ్ళు లేవు. ఎర్రటి అంకెలు వెలిగేవి, సెకనులో వెయ్యో వంతు కూడా చూపేవి. అప్పటికి సుశీల లెక్చరరు. జుట్టులో తెల్ల వెంట్రుకలు కనబడుతున్నాయి. పరికరం పెట్టెలోంచి తీసిన రోజే బిగించి, గోళీ అంటించి, మీట నొక్కింది. అంకెలు ఆగాయి. లెక్క కట్టింది. 978.

ఆమె ముఖం మాడిపోయింది. మళ్ళీ చేసింది. 978. తీగలు విప్పి బిగించింది. కమ్మీ నిటారుగా ఉందో లేదో తాడు వేలాడదీసి చూసింది. రైలు పోయేదాకా ఆగింది. మళ్ళీ 978. ఎక్కడో పొరపాటు ఉండి తీరాలని పిల్లలను పంపించేసి, కుర్చీ లాక్కుని కూర్చుని, గోళీని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

సీమోను తాళం చెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సరిగ్గనే వచ్చింది గద మేడం?"

"అదే నాకు అర్థమైతలేదు," అన్నది సుశీల. "నువ్వు ఆ మీట నొక్కు. నేను కింద చూస్త."